ఇంటి జెముళ్లును, కుండీల ఆకుమొక్కలును: వాని మేలు, పోషణము, పశువుల క్షేమము

కడియము తోటలనుండి మొక్కలు నింపుకొని వచ్చు బండ్లు ఇప్పుడు మారుమూల గ్రామములకును చేరుచున్నవి. ఒకప్పుడు ముంగిట తులసికోట, పెరటిలో మందార, ఒక మల్లెపొద, కరివేపచెట్టు ఉండిన చాలుననుకొనెడివారము. నేడు పట్టణములలో చదువుకొనుచున్న పిల్లలు సెలవులకు వచ్చునపుడు రంగుల ఆకుమొక్కలను, దళసరి ఆకులు గల చిన్న జెముళ్లను కొనితెచ్చి వసారాలో వరుసగా నిలుపుచున్నారు. ఇది మెచ్చదగిన అలవాటే. కాని పట్టణపు ఇంటికిని రైతు ఇంటికిని ఒక భేదము కలదు. అక్కడ వసారాలో మహా యుండిన నొక కుక్కయో పిల్లియో యుండును. మన వసారాకు నాలుగు బారల దూరములోనే పశువులపాక. అందు పాడిగేదె, దూడ, మేకపిల్లలు. వాకిట కోళ్లు, కాపలాకుక్క. సంఘములో అప్పుతీసి కొన్న గేదె గుప్పెడు ఆకులకు చచ్చినను అప్పు వాయిదాలు చావవు. కావున మొక్కను కొనుటకు ముందు అది యెట్టిది, దానికేమి కావలెను, పశువు నోట బడిన నేమగును అను మూడు సంగతులు తెలిసికొనుట అవసరము.

రెండు జాతుల స్వభావము

మొక్కలమ్మువారు సక్యులెంట్లనునవి నీటిని తమ ఆకులందో కాండమందో నిలువచేసికొను మొక్కలు. కలబంద, రణపాల, నాగజెముడు, కాడజెముడు ఈ తెగకు చేరినవి. వీనిని ఈ పాఠములో దళసరి మొక్కలందము. మనీప్లాంటు, క్రోటను, డైఫెన్‌బేకియా వంటి కుండీమొక్కలను ఆకుమొక్కలందము. వీనిలో పెక్కింటి పుట్టిల్లు వానలు మెండుగా గల అడవుల నీడ. ఒకటి మెట్టసేద్యగాని వంటిది. ఒక వానతో నెలలు గడుపుకొనును. రెండవది మాగాణివాని వంటిది. కాలువ కట్టిన వారమునకే తల వాల్చును. ఈ పోలిక మనసున నుంచుకొన్న పోషణమునుగూర్చిన చిక్కులు సగము తీరును.

దళసరి మొక్కలు పగటియెండలో ఆకులమీది సన్నని రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెఱచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. దానిని తెల్లవారువరకు ఒక పులుపు రూపమున దాచుకొని, ప్రొద్దెక్కిన తరువాత వెలుతురు సాయమున ఆహారముగ మార్చుకొనును. ఈ విశేషమును తొలుత వ్రాసియుంచిన వారిలో నొకరు మన సీమలో పనిచేసినవారే. రాక్స్‌బర్గు దొర పిమ్మట సామర్లకోట తోటను చూచిన బెంజమిన్ హైన్ అను వైద్యుడు 1813లో వ్రాసిన లేఖయందు, రణపాల ఆకు ఉదయమున పుల్లగను, మధ్యాహ్నమునకు రుచిలేకయు, సాయంకాలమునకు కొంచెము చేదుగను ఉండునని తెలిపెను. సభ్యులు దీనిని నమిలి చూడనక్కరలేదు. ఎందులకో ముందు చెప్పబోవుచున్నాము.

దీనినిబట్టి ఇంకొక మాట. ఈ మొక్కలు రాత్రియెల్ల ప్రాణవాయువును విడుచునని, పడకగదిలో నుంచిన ఆరోగ్యమని అమ్మువారు చెప్పుచుందురు. ఇవి రాత్రి పీల్చుకొనునది బొగ్గుపులుసు వాయువును. ప్రాణవాయువు పుట్టుట అన్ని మొక్కలందువలె వెలుతురులోనే. గదిగాలిలోని విషవాయువులను మొక్కలు హరించునను మాట 1989లో అమెరికాలో మూసిన పెట్టెలయందు జరిపిన పరిశోధననుండి వ్యాపించినది. 2019లో ఇట్టి పరిశోధనలనన్నిటిని లెక్కగట్టి చూచినవారు, కిటికీలగుండ గాలి ఆడు ఇంటికి సమానమైన శుద్ధి కావలెనన్న, చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 వరకు మొక్కలుండవలెనని తేల్చిరి. అప్పుడు మనమెక్కడ పండుకొందుము? వంటింటి పొగకు పొగగొట్టమే మందు. మొక్కల మేలు వేరు: కంటికింపు, మనస్సునకు తెఱపి, పూజకు పూవు, కూరకు రెబ్బ. ఈ మేలు చాలనిది కాదు.

పోషణము

దళసరి మొక్కలు చచ్చునది దాహముచే కాదు, మన ప్రేమచే. ప్రతిదినము చెంబెడు నీరు పోసిన కలబంద వేరు కుళ్లును. ఆకు మొదలు పసుపెక్కి మెత్తబడును. వ్రేలిని రెండు కణుపులవరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. పూర్తిగ పొడిగనున్నపుడే నీరు. వేసవిలో వారమునకొకసారి, శీతకాలమున రెండు మూడు వారములకొకసారి చాలును. వానకాలమున కుండీలను చూరుక్రిందికి జరుపవలెను. నల్లరేగడిమట్టి వీనికి పనికిరాదు. తడిసిన నీరు వదలదు, ఎండిన నెఱ్ఱెలువిచ్చి వేళ్లు తెంపును. ఎఱ్ఱమట్టి యొకపాలు, ముతక ఇసుక యొకపాలు, బాగుగా చివికిన పశువుల యెరువు అరపాలు కలిపి, కుండీ అడుగు రంధ్రముమీద ఒక పెంకు వేసి నింపవలెను. కుళ్లు పట్టినచో ఆరోగ్యముగనున్న పైభాగమును కోసి, నాలుగైదు దినములు నీడన ఆరనిచ్చి, పొడి ఇసుకలో నాటిన తిరిగి వేరు పట్టును.

ఆకుమొక్కలకు మట్టి పైపొర ఆరగనే నీరు కావలెను. పడమటి యెండ తగులనీయరాదు. ఆకులమీది దుమ్మును వారమునకొకసారి తడిగుడ్డతో తుడిచిన పురుగును గూడ కనిపెట్టవచ్చును. పిండినల్లి పట్టినచో సబ్బునీటితో కడిగి, వేపనూనె కలిపిన నీటిని చల్లవలెను. కుండీక్రింది పళ్లెములలో నీరు నిలువనీయరాదు. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ ఇట్టి కొద్దిపాటి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారమున కొకసారియైన పళ్లెములను ఒలికించి తోమవలెను.

కుండీలకు వేయు యెరువు విషయమై ఒక గట్టి హెచ్చరిక. ఆముదపు చెక్క మొక్కలకు మంచి బలము. కాని అందు రిసిన్ అను ఘోరవిషము కలదు. దాని వాసనకు కుక్కలు మట్టిని త్రవ్వి తినును. తిన్నవి వాంతులు, నెత్తురు విరేచనములతో చచ్చును. వేరుసెనగచెక్క అలవాటైన గేదెయు తేడా నెఱుగదు. కావున ఆముదపు చెక్క సంచిని దాణా సంచులతో కలిపి యుంచరాదు. దాణా కొలుచు తట్టతో దానిని కొలువరాదు. కుండీలో వేసిన పిమ్మట నాలుగంగుళముల మట్టి కప్పవలెను. కుక్కయున్న ఇంట వేపచెక్కయే ఉత్తమము.

పాలుగల జెముడు, పాలులేని జెముడు

జెముడను పేరు మన భాషలో రెండు వేర్వేరు వంశములకు చెల్లుచున్నది. బ్రహ్మజెముడను పేరైతే ఒక తావున ఒకదానికి, వేఱొక తావున ఇంకొకదానికి వాడుకలోనున్నది. పేరునుబట్టి పోరాదు, మొక్కను గిచ్చి చూడవలెను. తెల్లనిపాలు కారిన అది యొక వంశము: కాడజెముడు, ఆకుజెముడు మొదలైనవి. జిగురునీరు మాత్రము వచ్చిన అది నాగజెముడు వంశము, అమెరికా ఖండమునుండి వచ్చినది.

పాలుగల జెముళ్లు కంచెకు మిక్కిలి మంచివి. మేక ముట్టదు, నీరు కోరవు, కొమ్మ గ్రుచ్చిన చాలు. అయినను ఆ పాలు చర్మముపై బొబ్బలెక్కించును. కంట బడినచో భరింపరాని మంట పుట్టి, కొన్ని దినములు చూపు మందగించుటయు, వైద్యము తప్పిన శాశ్వతహానియు కలుగవచ్చును. కంచె నరకువారు గాలికెదురుగా నిలువరాదు. పొడుగుచేతుల చొక్కాయు కండ్లద్దములును ధరింపవలెను. పాలు కంట బడిన తక్షణమే శుభ్రమైన నీటితో కాలుగంటకు తక్కువగాకుండ కడిగి వైద్యునియొద్దకు పోవలెను. చనుబాలు పిండుట, ఆముదము వేయుట కూడదు. ముండ్లకొమ్మలకు చిన్న యెఱ్ఱపూలు పూయు కుండీమొక్క యొకటి ఇప్పుడు విరివిగా అమ్ముడగుచున్నది. అదియు ఈ పాలజాతిదే.

నాగజెముడు చరిత్ర వినదగినది. 1795లో ఎఱ్ఱరంగునిచ్చు పురుగును పెంపదలచి బ్రెజిలు దేశమునుండి యొక పురుగును తెచ్చిరి. తెచ్చినది మేలిరంగు జాతి కాకపోయెను. రంగు దక్కలేదు గాని అది యొక జాతి నాగజెముడును తిని రూపుమాపెను. దక్షిణమున బీళ్లనెల్ల ఆక్రమించిన వేఱొక జాతికి ఆ పురుగు పనికిరాలేదు. 1926లో సింహళమునుండి మరియొక జాతి పురుగును తెప్పింపగా కొద్ది యేండ్లలోనే ఆ పొదలును నశించెను. మందు చల్లక, కూలి యీయక కలుపు పోయిన సందర్భములలో ఇంతకంటె గొప్పది మన దేశమున అరుదు.

నేడు ముండ్లులేని నాగజెముడును కరవుకాలపు మేతగ పెంచుచున్నారు. ఇందు విషము లేదు. కాని నూటికి సుమారు 90 పాళ్లు నీరే, మాంసకృత్తులు స్వల్పము. దీనినొక్కదానినే పెట్టిన పశువు పారుకొనును. ముక్కలుగ తఱిగి జొన్నచొప్పతోను, కొంత చెక్కతోను కలిపి పెట్టవలెను. ముండ్లజాతియైన మంటమీద ముండ్లను కాల్చిన పిమ్మటనే మేపవలెను.

తక్కిన దళసరి మొక్కలు

కలబంద లోపలి గుజ్జు చల్లనిది. కాలిన చర్మముపై పూయుదురు. కాని తోలుక్రింద నూరు పసుపురసము విరేచనకారి, దానినెండించినదే మూసాంబరము. కుక్కలు, పిల్లులు ఆకు కొరికిన వాంతులు, విరేచనములు పట్టును. చాగ, అనగా కత్తివలె నిలుచు చారల ఆకులమొక్క, దానిని తిన్నను వాంతులగును; ప్రాణభయము తక్కువ. ఈ రెండింటిని అందని యెత్తున నుంచిన చాలును.

రణపాల సంగతి వేఱు. ఆకు అంచున పిల్లలు పుట్టుటచే ఒక ఆకు పడిన చోటెల్ల అల్లుకొనును. గాయములకును, మూత్రపురాళ్లకును మందుగ వాడుకలోనుండుటచే దీనిని నిరపాయమని తలచుదురు. ఈ మొక్కలో, విశేషించి పూలలో, గుండెను పట్టు విషము కలదు. ఆస్ట్రేలియాదేశమున 1997లో మోరీ పట్టణప్రాంతమున తోలుకొనిపోవుచున్న పశువులలో 125 దీని దగ్గఱి బంధువైన యొక మొక్కను మేసి చచ్చినవి. పశువులపాక ప్రక్క, పేడదిబ్బమీద రణపాల నుండనీయరాదు. కుండీలోనున్న సరే, పూలగుత్తులు వచ్చినపుడు కోసి పాతిపెట్టవలెను.

ఎడీనియము అను లావుమొదలి గులాబిరంగు పూలమొక్కకు ఇప్పుడు గిరాకి హెచ్చు. ఇది గన్నేరు వంశపుది. ఆఫ్రికాలో వేటగాండ్రు దీని రసమును బాణపు మొనలకు పూసెడివారనిన దీని గుణము తెలియును. మేకలున్న ఇంట వలదు.

జేడు పేరుతో రెండు మొక్కలు వచ్చుచున్నవి. చిన్నగుండ్రని ఆకులు, ఎఱ్ఱని సన్నకాడలు గలది నిరపాయము. దక్షిణాఫ్రికాలో ఏనుగులును మేకలును మేయు పొద యిదియే. పెద్ద దళసరి ఆకులు గల రెండవదానిని కొరికిన కుక్కలు వాంతిచేసికొనును. హవార్తియా, ఎచివేరియా అను చిన్న చక్రాకారపు మొక్కలు నిరపాయములు.

మన గంగపావిలికూరయు దళసరి మొక్కయే. మనము తిను కూర. అయినను దాని దట్టపు పాటిలో ఆకలిగొన్న పశువులను విడువరాదు. కడుపునిండ అదియే మేసిన, అందలి పుల్లని లవణము రక్తములోని సున్నమును పట్టివేసి పశువును కూలవేయును.

ఆకుమొక్కలు

మనీప్లాంటు, డైఫెన్‌బేకియా, రంగుచేమలు మన చేమ, కంద కుటుంబమునకు చేరినవి. వీని దురద మనకు క్రొత్తది కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గాని, కండ్లకు కనబడని సూదులవంటి స్ఫటికములు ఆకునిండ నుండుటయే ఆ దురదకు కారణము. చేమదుంపను చింతపండుతో ఉడికించి తిందుము. కుక్కపిల్లయు పసిబిడ్డయు పచ్చిగనే నములును. నోరు, నాలుక వాచి చొల్లు కారును. డైఫెన్‌బేకియా వీనిలో తీవ్రమైనది. నోటిని నీటితో కడిగి, చల్లని మజ్జిగయో పెరుగో నాకించిన ఉపశమించును. ఊపిరి కష్టమైన మాత్రము వైద్యము తప్పదు.

సైకాసు, అనగా ఈతమొక్కవలె నుండు గట్టి ఆకుల మొక్క, కుక్కల కాలేయమును చెఱచును. గింజ మఱింత విషము. దొరల లిల్లీపూలు పిల్లులకు మృత్యువు. ఒంటిపైబడిన పుప్పొడిని నాకినను మూత్రపిండములు చెడును. మన బజారులో లిల్లీయని అమ్ము నేలసంపెంగ ఆ జాతిది కాదు. గుత్తులుగ పసుపు, ఎఱుపు కలిసిన చిన్నపూలు పూయు లాంటనాను అందమునకని కంచెగ వేయుచున్నారు. దానిని మేసిన పశువునకు కామెర్లు పుట్టి, యెండ తగిలిన చోటెల్ల తోలు పగిలి ఊడును. స్థానిక పశువులు దానిని విడిచిపెట్టును. సంతలో కొని క్రొత్తగ తెచ్చినవియే, కరవుకాలమునందే, మేయును. తులసి, మందార, మల్లె, గులాబి, కరివేప భయములేనివి. మన పెద్దల యెంపికలో తెలివి లేకపోలేదు.

గన్నేరు

ఒక్క మొక్కనే జ్ఞాపకముంచుకొనదలచినవారు దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక. గన్నేరను పేరు గలవి నాలుగు: ఎఱ్ఱగను తెల్లగను పూయు గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్లగన్నేరు, దేవగన్నేరు. నాలుగును ఒకే వంశము, నాలుగింటను ఎంతో కొంత విషము కలదు. మొదటి రెండును చంపునవి. పెద్ద ఆవును చంపుటకు 10 మొదలు 20 ఆకులు చాలును.

అయినను గుడి ముందర, బడి ముందర, రహదారుల నడుమ తిన్నెలపై ఎచ్చట జూచినను గన్నేరే. పచ్చి ఆకు చేదగుటచే పశువు ముట్టదు. ఇదియే దానిని నాటుటకు కారణము, ఇదియే మనలను ఏమఱించునది. ఆకు ఎండినను విషము పోదు, చేదును పశువు అంతగ గుర్తింపదు. రహదారిపై కొమ్మలు కత్తిరించి ప్రక్కను పారవేసిన మూడవనాటికి వాడిన రెమ్మలు గడ్డితో కలిసిపోవును. గడ్డి కోయు కూలి చీకటితో కొడవలి వేసినపుడు అవియు మోపులో చేరును. మోపు చొప్పకత్తెరలో పడిన పిమ్మట యే పశువును ఏరుకొనలేదు. కుడితితొట్టిమీదికి కొమ్మ వంగియున్న, రాలిన ఆకులు నానిన నీరును విషమే. కావున రహదారి ప్రక్క గడ్డిని కత్తిరింపుల తరువాత కోయరాదు. తొట్టిప్రక్క గన్నేరును నేడే తీసివేయవలెను. తీసిన కొమ్మలను వంటచెఱకుగ వాడరాదు, పొగయు కీడుచేయును. లోతుగ గొయ్యి త్రవ్వి పాతిపెట్టుటయే మార్గము.

తిన్నదని తెలిసినపుడు

కడుపునొప్పి, పారుడు, కాళ్లు చెవులు చల్లబడుట, గుండె తప్పి తప్పి కొట్టుట, ఒక్కసారిగ కూలబడుట గన్నేరు గుణములు. ఇట్టి పశువును నడిపింపరాదు. శ్రమచే గుండె ఆగును. నీడన కట్టి, మిగిలిన మేతను తొలగించి, అందలి ఆకునొకదానిని పశువైద్యునికి చూపుటకై దాచవలెను. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసిన సంచార పశువైద్యశాల వచ్చును. వారు వచ్చులోపల గొట్టముతో నూనె, చింతపండురసము, మజ్జిగ పోయుట మన పల్లెల పాత అలవాటు. పడియున్న పశువునకు పోసినది కడుపులోనికి పోక ఊపిరితిత్తులలోనికి పోవును. విషము చంపకున్నను ఇది చంపును. లాంటనా మేసినదానిని యెండకు రానీయక చీకటిపాకలో కట్టవలెను. కుక్కకు ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు.

భీమాగల పశువు చనిపోయిన యెడల ఆ దినమే భీమాకంపెనీకిని సంఘపు కార్యదర్శికిని తెలుపవలెను. పశువైద్యుడు కోసి పరీక్షించి సర్టిఫికేటు ఇచ్చువరకు కళేబరమును పూడ్చరాదు, చెవిబిళ్లను చెవినుండి వేఱుచేయరాదు. కడుపులో దొరకిన ఆకులను వైద్యుడు సర్టిఫికేటులో పేర్కొనునట్లు అడుగవలెను; ప్రక్కయింటివారి గాడిలోని మేతయు అదే మోపునుండి వచ్చియుండవచ్చును గనుక, ఆ మాట వారికి అదే గడియలో చెప్పవలెను.